గీజరుకు దుప్పటి కప్పే ముందు

మా ఇంట్లో గీజరు ఒక అల్మరాలో ఉంటుంది. దాని పై అరలో తువ్వాళ్లు పెట్టుకుంటాం. ఎప్పుడు తీసినా అవి అప్పుడే ఎండలోంచి తెచ్చినట్టు వెచ్చగా ఉండేవి. ఇంట్లో అందరికీ అదొక సుఖం. నాకూ సుఖమే. తువ్వాళ్లు వాటంతటవి వెచ్చబడవనీ, వాటిని వెచ్చబెడుతున్నది నేను బిల్లు కడుతున్న కరెంటేననీ తట్టడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

తట్టిన రోజునే ఆవేశంగా ఒక పాత బొంత తెచ్చి గీజరు చుట్టూ చుట్టి తాడుతో బిగించేశాను. నెల తిరక్కుండా అల్మరా తెరిస్తే ముక్కిన కంపు. విప్పి చూద్దును కదా, బొంత లోపలి వైపంతా తడి, టాంకు పైరేకు అంచున తుప్పు. సేఫ్టీ వాల్వు నుంచి పడుతున్న చుక్కల్ని నా కంట పడనివ్వకుండా బొంతే తాగేసింది. బిల్లు తగ్గిందా అంటే, నా కళ్లకు ఆనేంత తగ్గలేదు.

అదే సమయానికి మా బావగారు వచ్చారు. ఆ బొంత చూసి, "ఏమోయ్, దానికి చలిజ్వరమా?" అని ఒకటే నవ్వు. గీజరు విషయంలో ఆయన సిద్ధాంతం ఆయనకుంది. స్విచ్ అసలు ఆపకూడదట. ఆపితే చల్లారిన నీళ్లను మళ్లీ మొదటినుంచీ కాచాలట, దానికే ఎక్కువ కరెంటు లాగుతుందట. "కాగిన నీళ్లను కాగినట్టే ఉంచడం తేలికోయ్. చల్లారినవాటిని కాచడమే కష్టం" అన్నారు. వినడానికి ఎంత సబబుగా ఉందో! నేనూ చాలాకాలం నమ్మాను.

కానీ అది తప్పు. అడుగున చిల్లున్న కుండను తలుచుకోండి. నిండుగా ఉన్నప్పుడు చిల్లులోంచి నీళ్లు ధార కడతాయి, మట్టం దిగేకొద్దీ ధార సన్నబడుతుంది. ఆ కుండను రోజంతా అంచుల దాకా నింపి ఉంచాలంటే పోస్తూనే ఉండాలి. కారినంత కారనిచ్చి, అవసరమైనప్పుడు ఒక్కసారి నింపుకుంటే మొత్తం మీద పోసేది తక్కువ. వేడి సంగతీ అంతే. వేడి వస్తువు ఎంత తొందరగా చల్లారుతుందనేది దానికీ చుట్టూ ఉన్న గాలికీ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉందనే దాన్ని బట్టి ఉంటుందని న్యూటన్ 1701లోనే అచ్చు వేయించాడు. నీళ్లు చల్లారేకొద్దీ పోయే వేడీ తగ్గుతుంది. పోయినంతే తిరిగి పెట్టాలి కనుక, తక్కువ పోనిచ్చినవాడే తక్కువ పెడతాడు. ఇందులో మినహాయింపు లేదు. అయితే బావగారి మాటలో చిన్న నిజం దాగుంది, దాని దగ్గరకి మళ్లీ వస్తాను.

కాస్త లెక్క తప్పదు. 50 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచాలంటే సుమారు 2 యూనిట్లు కావాలి. ఏ కంపెనీ గీజరైనా ఈ అంకె మారదు, ఎందుకంటే ఇది నీటి స్వభావం: లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 4.19 కిలోజౌళ్లు, 3600 కిలోజౌళ్లయితే ఒక యూనిట్. ఈ 2 యూనిట్లు మనం ఒంటి మీద పోసుకునే వేడి. దీన్ని ఏ దుప్పటీ తగ్గించలేదు. దుప్పటి చేతిలో ఉన్నది రెండో ఖర్చు ఒక్కటే. కాగిన నీళ్లు ఎవరూ వాడకుండా ఊరికే నిలబడి ఉన్నప్పుడు గోడల్లోంచి జారిపోయే వేడి అన్నమాట.

అది ఎంత? 50 లీటర్ల టాంకు ఒంటి వైశాల్యం దాదాపు 0.8 చదరపు మీటరు. ఏ తొడుగూ లేని ఒట్టి రేకు అయితే, గాలి కదలని గదిలో చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీ తేడాకు ఇంచుమించు 10 వాట్లు పోతాయి. 35 డిగ్రీల తేడాకు మొత్తం 280 వాట్లు. రోజంతా అలాగే ఉంచితే దాదాపు 7 యూనిట్లు. స్నానానికి 2, గోడలకు 7! అందుకే ఒట్టి రేకు గీజరు ఎవరూ తయారు చేయరు. లోపలి టాంకుకీ బయటి డొక్కుకీ మధ్య ఫోమ్ నింపుతారు. మామూలు రకం ఫోమ్ 25 మిల్లీమీటర్ల మందాన ఉంటే చాలు, ఆ 280 వాట్లు 30 వాట్లకు పడిపోతాయి. రోజుకు 7 యూనిట్ల చోట 0.7.

ఇక మనం బయటినుంచి ఇంకో 25 మిల్లీమీటర్లు కప్పామనుకోండి. 0.7 కాస్తా 0.4 అవుతుంది. దాని మీద మరో 25 వేస్తే 0.25. మొదటి వరస రోజుకు 6 యూనిట్లు మిగిల్చింది. రెండోది 0.3 మిగిల్చింది. మూడోదానితో మిగిలింది అందులో సగమే. దుప్పటి అమ్మేవాళ్లు చెప్పనిది ఇదే. మొదటి తొడుగు ఇంటిని గట్టెక్కిస్తుంది, రెండోది చిల్లర పోగేస్తుంది, మూడోది మన సరదా. మొదటి తొడుగు కంపెనీవాళ్లు ఎప్పుడో వేసేశారు. మనకు మిగిలింది చిల్లర పోగేసుకునే పని.

చిల్లరేనని తీసిపారేయమనడం లేదు. రోజుకు 0.3 అంటే ఏడాదికి 110 యూనిట్లు. కానీ గీజరు ఏడాది పొడవునా, రాత్రింబవళ్లు, నిండా వేడి నీళ్లతో నిలబడితేనే ఆ 110. ఆ షరతును మింగేసి అంకెను మాత్రం చెప్పడం పెద్ద అలవాటైపోయింది. అమెరికా ఇంధన శాఖ గృహస్థులకిచ్చే సలహాల్లో, టాంకుకు దుప్పటి తొడిగితే నిలవ నష్టం 25 నుంచి 45 శాతం, నీళ్లు కాచే ఖర్చు 7 నుంచి 16 శాతం తగ్గుతాయని ఉంటుంది. అబద్ధమేమీ కాదు. కాకపోతే అక్కడి ఇళ్లలో మామూలుగా ఉండేవి 150 నుంచి 190 లీటర్ల టాంకులు, ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేవి. ఆ సలహా కూడా తొడుగు పలచగా ఉన్న పాత టాంకుల వాళ్లకే. పొద్దున అరగంట వేసి ఆపేసే 15 లీటర్ల గీజరుకు ఆ శాతాన్ని అంటించడం ఏనుగు అంబారీని మేకపిల్ల మీద వేయడమే.

కాబట్టి దుప్పటి కొనాలా వద్దా అనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న: మీ ఇంట్లో వేడి నీళ్లు రోజుకు ఎన్ని గంటలు ఊరికే నిలబడుతున్నాయి?

మా ఇంటి సంగతే తీసుకోండి. పొద్దున ఎనిమిదికల్లా స్నానాలు అయిపోతాయి. వేడి నీళ్లు బయటికి పోయినకొద్దీ టాంకులోకి చన్నీళ్లు వచ్చి చేరతాయి. స్విచ్ ఆన్‌లోనే ఉంటే గీజరు ఆ చన్నీళ్లను వెంటనే కాచడం మొదలెడుతుంది. మళ్లీ ఎవరికి కావాలి? మర్నాటి పొద్దుటికి. అంటే తొమ్మిదికల్లా కాగిన నీళ్లు దాదాపు 20 గంటలు కాపలా కాస్తూ, కాస్త కాస్త చల్లారుతూ, మళ్లీ మళ్లీ కాగుతూ ఉంటాయి. అదే స్నానాలయ్యాక స్విచ్ ఆపేస్తే టాంకులో ఉండేది చన్నీళ్లే. చన్నీళ్లు పోగొట్టుకునే వేడేముంది? చల్లటి టాంకుకు ఎంత మందపాటి దుప్పటి కప్పినా మిగిలేది సున్నా. ఒక్క టైమరు స్విచ్ చేసే పనిని నాలుగు బొంతలు చేయలేవు.

ఇక్కడే బావగారి చిన్న నిజం బయటపడుతుంది. నీళ్లు వాడకుండా, కాగిన టాంకును రాత్రికి ఆపి పొద్దున వేస్తే ఎంత మిగులుతుంది? 30 వాట్లు కారే 50 లీటర్ల టాంకు గంటకు అర డిగ్రీ చల్లారుతుంది. పది గంటలకు 5 డిగ్రీలు. 60 కాస్తా 55. సగటు తేడా 35 నుంచి 32.5కు తగ్గింది కనుక ఆ పది గంటల నష్టంలో మిగిలేది 7 శాతం. 30 వాట్లలో, పది గంటల మీద, 7 శాతం! అరచేతిలో గీత మందం. తొడుగు బాగున్నకొద్దీ ఆపడం వల్ల లాభం తగ్గుతుంది. ఆపడం అలవాటైనకొద్దీ తొడుగు వల్ల లాభం తగ్గుతుంది. రెండూ ఒకే కన్నాన్ని పూడ్చే పనులు కాబట్టి, విడివిడి లాభాలను కూడి మురిసిపోకూడదు. బావగారి మాట తప్పే, కాకపోతే మంచి తొడుగున్న గీజరు దగ్గర అది ఖరీదైన తప్పు కాదు. ఇంతమంది దాన్ని హాయిగా నమ్ముతూ బతకగలిగేది అందుకేనేమో.

మీ గీజరు సంగతి మీకు తెలియాలంటే ఎవరి శాతాలూ అక్కర్లేదు, చెయ్యి ఉంటే చాలు. నీళ్లు కాగి, ఎర్ర లైటు ఆరాక, డొక్కు చుట్టూ అరచెయ్యి ఆనించి చూడండి. 25 మిల్లీమీటర్ల ఫోమ్ సరిగ్గా ఉంటే బయటి రేకు గది కన్నా 4 డిగ్రీలకు మించి వెచ్చగా ఉండదు. అంటే చేతికి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. ఒకచోట మామూలుగా ఉండి ఇంకోచోట చురుక్కుమంటే అక్కడ లోపల ఫోమ్ నిండలేదు, లేదా కుంగిపోయింది, లేదా తడిసింది. ఇంకా కచ్చితంగా కావాలంటే, కాగాక స్విచ్ ఆపి 12 గంటలు ఎవరినీ ముట్టనివ్వకండి (ఇంట్లోవాళ్లను ఒప్పించడమే ఈ ప్రయోగంలో కష్టమైన భాగం). తర్వాత పైపులో నిలిచిన నీళ్లు పోనిచ్చి, ఆ వెనక వచ్చినవి మగ్గులో పట్టి థర్మామీటరు పెట్టండి. 50 లీటర్ల టాంకులో 6 డిగ్రీల దాకా దిగితే తొడుగు బాగానే ఉంది. 12, 15 డిగ్రీలు దిగితే దుప్పటి దండగ కాదు.

చెయ్యి ఎలాగూ పెట్టారు కనుక టాంకులోంచి బయటికొచ్చే పైపును కూడా ముట్టుకోండి. జాగ్రత్తగా. నాకు అసలు దొంగ దొరికింది అక్కడే. డొక్కు చల్లగానే ఉంది, పైకి వెళ్లే లోహపు గొట్టం మాత్రం చెయ్యి పెట్టనిచ్చేలా లేదు, అదీ ఎవరూ కొళాయి తిప్పనప్పుడు. వేడి నీళ్లు తేలిక కనుక గొట్టంలో పైకి ఎక్కుతాయి, పైన చల్లారి బరువెక్కి అదే గొట్టంలో వెనక్కి దిగుతాయి, వాటి చోటికి మళ్లీ వేడివి ఎక్కుతాయి. ఎవరూ తిప్పకుండానే తిరిగే గానుగ అది. 22 మిల్లీమీటర్ల ఒట్టి గొట్టం ఒక మీటరు మేర 60 డిగ్రీల వేడితో ఉంటే సుమారు 24 వాట్లు పోతాయి. ఫోమ్ తొడిగిన మొత్తం టాంకు నుంచి పోయేది 30. మీటరు పొడుగు గొట్టం ఒక్కటే టాంకంత పోగొడుతోంటే, నేను టాంకుకు బొంత కట్టి గొట్టాన్ని వదిలేశాను!

దీనికి మందు రెండు రకాలు. గొట్టం టాంకు నుంచి బయటపడగానే కొంచెం కిందికి వంగి తర్వాత పైకి వెళ్లేలా ప్లంబరు చేత వంపు పెట్టించుకుంటే గానుగ ఆగిపోతుంది, ఎందుకంటే వేడి నీళ్లు వాటంతటవి కిందికి దిగవు. రెండోది, నల్లటి ఫోమ్ గొట్టం తొడుగు. మొదటి మీటరు, మీటరున్నరకు వేస్తే చాలు. చన్నీళ్లు వచ్చే గొట్టానికి కూడా టాంకు దగ్గర మూరెడు వేయండి, వేడి అటు కూడా పాకుతుంది. అక్కడి నుంచి స్నానాల గది దాకా పొడుగంతా వేయాలా అంటే, ఇంట్లో ఒకరి వెనక ఒకరు స్నానం చేస్తే పనికొస్తుంది, గొట్టంలోని నీళ్లు తర్వాతి మనిషి దాకా వెచ్చగా ఉంటాయి. గంటల ఎడంతో చేసేవాళ్లకు ఎంత తొడిగినా ఆ నీళ్లు చల్లారే తీరతాయి.

తొడుగు అనగానే మందంగా ఉన్నదేదైనా పనికొస్తుందనుకుంటాం. వేడిని ఆపేది గుడ్డా కాదు, దూదీ కాదు. అందులో ఇరుక్కుని కదలలేకపోయిన గాలి. కదలని గాలి ఉష్ణవాహకత, అంటే వేడిని తనలోంచి పోనిచ్చే గుణం, 0.026. గ్లాస్‌వూల్, అంటే గాజు పీచు, 0.04 దగ్గర ఉంటుంది. నీటిది 0.6, అంటే గాలికి ఇరవై రెట్ల పైమాటే. రాగిది 400కు దగ్గర. ఈ నాలుగు అంకెలు చదివాకే నా బొంత ఎందుకు ఓడిపోయిందో అర్థమైంది. తాడుతో బిగించి గాలిని పిండేశాను, మిగిలిన ఖాళీల్లో నీళ్లు చేరనిచ్చాను. నేను కప్పింది దుప్పటి కాదు, తడిగుడ్డ. నూలు బట్ట నిప్పంటుకునే వస్తువు, దాన్ని కరెంటు తీగల పక్కన చుట్టడం ఇంకో తెలివితక్కువ. ఆ పని మీరు చేయకండి.

ఇంకో ముచ్చట చెప్పాలి, నాకు మహా సరదా వేసింది. మెరిసే రాగి గొట్టానికి ఇన్సులేషన్ టేపు చుట్టేస్తే వేడి ఆగుతుందనుకుంటాం. ఆగకపోగా కొంచెం పెరుగుతుంది! సన్నటి గొట్టానికి గట్టి ప్లాస్టిక్ పొర చుడితే అది వేడిని ఆపేదానికన్నా, గాలికి తగిలే ఒళ్లు పెంచేదే ఎక్కువ. పైగా మెరిసే రాగి వేడిని కిరణాలుగా చాలా తక్కువ వదులుతుంది, నల్ల టేపు ధారాళంగా వదులుతుంది. టేపు కరెంటును ఆపడానికి పుట్టింది. గాలి బుడగలు నిండిన ఫోమ్‌తో ఈ గొడవ లేదు.

ఇక కప్పకూడని చోట్లు. ఇక్కడ వాదనలు లేవు. సేఫ్టీ వాల్వునీ దాని నుంచి దిగే గొట్టాన్నీ ఎట్టి పరిస్థితుల్లోనూ కప్పకూడదు. 25 నుంచి 60 డిగ్రీలకు కాగేటప్పుడు నీళ్లు దాదాపు 1.4 శాతం ఉబ్బుతాయి. 50 లీటర్లకు 0.7 లీటరు. ఆ ఉబ్బు వెనక్కి పోయే దారి లేనప్పుడు వాల్వు చుక్కలు చుక్కలుగా వదులుతుంది. అది జబ్బు కాదు, దాని ఉద్యోగం. ఆగకుండా కారితే మాత్రం జబ్బే, అందుకే అది కంటికి కనబడుతూ ఉండాలి. వేడి చాలగానే కరెంటు ఆపే థర్మోస్టాట్, నీళ్లు కాచే కాయిల్ ఉండే మూత, తీగలు లోపలికి వెళ్లే చోటు తెరిచి ఉంచాలి, తీగలు తమ వేడిని బయటికి వదులుకోవాలి కదా. గ్యాసు మీద నడిచే టాంకు అయితే పొగగొట్టం, పైభాగం, కింద మంటకు గాలి అందే చోటు అస్సలు ముట్టుకోవద్దు. అక్కడ తప్పు జరిగితే పోయేది కరెంటు కాదు, ప్రాణం. కొన్ని కంపెనీలు బయటి దుప్పటి వేస్తే వారంటీ చెల్లదంటాయి, కాగితం ఒకసారి చదవండి.

అసలు నిలవ టాంకే లేకుండా, కొళాయి తిప్పగానే కాచి ఇచ్చే ఇన్‌స్టంట్ రకం వాళ్లకు ఈ గొడవంతా అక్కర్లేదు, నిలవే లేనప్పుడు నిలవ నష్టమెక్కడిది? తమాషా ఏమిటంటే, లండన్‌లో బెంజమిన్ మాన్ అనే ఆయన 1868లో గ్యాసు మంటతో అప్పటికప్పుడు నీళ్లు కాచే యంత్రం చేసి, ఐస్‌లాండ్ వేడినీటి బుగ్గల పేరు మీద దానికి గీజర్ అని పేరు పెట్టాడు. దానికి నిలవ టాంకు లేదు. మనం మాత్రం ఆ పేరుతో పిలిచేది ఎక్కువగా నిలవ ఉంచే డొక్కునే.

వేడి తగ్గించి పెట్టుకుంటే సరిపోదా అని అడుగుతారు. నిజమే, 60 నుంచి 50కి దించితే గది 25 ఉన్నప్పుడు తేడా 35 నుంచి 25కు తగ్గుతుంది, నష్టం 29 శాతం తగ్గుతుంది, దుప్పటి కొనకుండానే. కానీ నేను ఈ సలహా కళ్లు మూసుకుని ఇవ్వను. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక సమావేశానికి వచ్చినవాళ్లు అంతుచిక్కని న్యుమోనియాతో పడిపోయారు. ఆ కారణాన్ని వెతకబోతే దొరికిన సూక్ష్మజీవే లీజియోనెల్లా. గోరువెచ్చటి నిలవ నీళ్లంటే దానికి ప్రాణం, 20 నుంచి 45 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. అందుకే నిలవ ఉంచే వేడి నీళ్లు 60 డిగ్రీల దగ్గర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మరోపక్క 60 డిగ్రీల నీళ్లు నేరుగా ఒంటి మీద పడితే కొన్ని సెకన్లలోనే తోలు ఊడుతుంది. పిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో రెండూ భయాలే. నా మొగ్గు ఎటంటే, టాంకులో 60 ఉంచి, కొళాయి దగ్గర చన్నీళ్లు కలిపే వాల్వు పెట్టుకోవడం. అప్పుడు ఆ పై 10 డిగ్రీలకు అయ్యే అదనపు నష్టం ఉంటుంది చూశారా, దాన్ని తగ్గించడానికి తొడుగు ఉండాలి. దుప్పటికి నాకు దొరికిన అన్నిటికన్నా గట్టి సమర్థన ఇదే: అది ఆరోగ్యకరమైన వేడిని చౌక చేస్తుంది.

చివరికి మేం చేసింది చెబుతాను. ముందు టైమరు వచ్చింది, స్నానాలకు ముప్పావు గంట ముందు వేసుకుని, అవగానే ఆరిపోతుంది. తర్వాత గొట్టానికి వంపు, ఫోమ్ తొడుగు. డొక్కు మీద ఒకచోట చెయ్యి చురుక్కుమనేది కనుక, వాల్వూ మూతా వదిలేసి, రేకు పూత ఉన్న గ్లాస్‌వూల్ దుప్పటి వదులుగా చుట్టాం. ఈ మూడింటిలో దుప్పటి పని అన్నిటికన్నా తక్కువని నాకు తెలుసు. అయినా వేశాను. పండగలకి చుట్టాలొచ్చినప్పుడు రోజంతా ఆన్‌లో ఉంచక తప్పదు, అప్పుడు దాని రోజు వస్తుంది.

మొన్న బావగారు వచ్చి అల్మరా తెరిచి, దుప్పటి మీద చెయ్యి వేసి చూసి ఏమీ అనలేదు. స్నానానికి వెళ్తూ పై అరలోంచి తువ్వాలు తీసుకుని మాత్రం, "ఇదేమిటోయ్, ఇంత చల్లగా ఉంది?" అన్నారు.